మంచి కాలికి పట్టీ

నేను ఎవరిని చూసినా ముందు మొహం చూడను, నడక చూస్తాను. బస్సు దిగేటప్పుడు ఏ కాలు ముందు పెడుతున్నారు, మెట్లెక్కేటప్పుడు ఏ చెయ్యి గోడకి పోతోంది, కింద కూర్చుని లేచేటప్పుడు ఏ తొడ మీద అరచెయ్యి ఆనిస్తున్నారు, ఇవన్నీ నా కళ్లు అడక్కుండానే పట్టేస్తాయి. మా ఆయన దీన్ని రోగం అంటాడు. పెళ్లికి తీసుకుపోతే పెళ్లికొడుకు మడమ బెణికినట్టుందని చెవిలో చెప్పే పెళ్లాం ఇంకెవరికైనా ఉందా అని ఎగతాళి చేస్తాడు. చేసుకోనీ. మెదక్‌లో ఆడపిల్లల బడిలో ఇరవై ఏళ్లుగా ఆటల టీచర్‌ని. కబడ్డీ ఆడే పిల్ల "నొప్పి లేదు మేడం" అన్నదంటే అందులో సగం కూడా నమ్మకూడదని నాకు బాగా తెలుసు. ఆ మాట చెప్పి చెప్పే నా ఎడమ మోకాలు పోగొట్టుకున్నాను.

కబడ్డీలో ఒక పాత పద్ధతి ఉంది. దెబ్బ తగిలిన కాలికి మోకాలి పట్టీ వేసుకోరు, మంచి కాలికి వేసుకుంటారు. అవతలి జట్టులో మూల మీద నిలబడ్డ పిల్ల కూతకొచ్చినవాళ్ల మోకాళ్లే చూస్తుంది. పట్టీ ఉన్నది దెబ్బ కాలు అనుకుని దాని మీదే పడుతుంది. అది బలమున్న కాలు కాబట్టి ఆ పిల్లని ఈడ్చుకుంటూ గీత దాటేయొచ్చు. మాకు నేర్పిన సార్ ఈ కిటుకు చెప్పేటప్పుడు మీసం మీద చెయ్యేసుకునేవారు. లోపల ఎడమ మోకాలు తెగి ఉండగా, కుడి మోకాలికి పట్టీతో నేను ఒక సీజనంతా ఆడాను. సార్‌కి తెలుసు. తెలిసే ఆడించారు. ఆ సీజన్ తర్వాత నేను మళ్లీ కూతకి పోలేదు. ఆయన మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. కానీ చూడండి నా బుద్ధి, ఆ కిటుకు మాత్రం నా చేతికొచ్చిన ప్రతి జట్టుకీ గొప్పగా నేర్పాను. ఇవాళ్టికీ పొద్దున్నే గ్రౌండ్‌కి పోయేముందు నా చెయ్యి దానంతటదే కుడి కాలికి పట్టీ ఎక్కిస్తుంది.

ఇక నా జట్టులో ఒక పిల్ల సంగతి. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. పిల్ల సన్నగా, రివటలా ఉంటుంది. కూతకి పోయిందంటే అవతలివాళ్లకి దుమ్మే మిగిలేది. ఇరవై ఏళ్లలో నాకు దొరికిన అసలైన ఆటగత్తె ఆమె ఒక్కతే అని చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. పోయిన వానాకాలం, నేల ఇంకా తడి ఆరకముందే ప్రాక్టీస్ పెట్టడం నా తప్పే. బోనస్ గీత దాటి వెనక్కి తిరిగేటప్పుడు ఆమె పాదం నేలలో దిగబడింది, మోకాలు మాత్రం తిరిగింది. లోపల టక్కుమన్న చప్పుడు నాకు గీత అవతల వినిపించింది. ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

గేటు ఎదురుగా జ్యూస్ బండి దగ్గర ఐసు తెప్పించి, చున్నీలో చుట్టి కుడి మోకాలికి కట్టాను. కాలు ఇటుకల మీద ఎత్తిపెట్టి, వాళ్లమ్మని పిలిపించి, రేపు దవాఖానకి పోదాం, ఈలోపల ఎవరితోనూ తోమించొద్దు, గుంజించొద్దు అని మరీ మరీ చెప్పాను. ఆమె తలూపింది. ఆ తలూపిన తీరే నాకు నచ్చలేదు. అనుకున్నట్టే మర్నాడు పిల్ల బడికి రాలేదు. ఖిల్లా కింది గల్లీలో కట్లు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకుపోయారని జట్టులో పిల్లలే చెప్పారు.

ఆ ముసలాయన ఒకప్పుడు కుస్తీలు పట్టినవాడు. నర్సాపూర్ దాకా ఎవరి చెయ్యి విరిగినా, ఎవరి భుజం జారినా ఆయన దగ్గరికే వస్తారు. గుడ్డు తెల్లసొనలో ఏదో పొడి కలిపి, వెదురుబద్దలు పెట్టి కట్టు కడతాడు. ఆయన కట్టిన చేతులు కొన్ని వంకరగా అతుక్కోవడం నేను చూశాను. చక్కగా అతుక్కున్నవి కూడా ఉండే ఉంటాయి, అవి నా కంట పడలేదు. ఒళ్లు మండిపోయి స్కూటీ మీద ఆ గల్లీకి పోయాను. ఈ పిల్ల కాలు పాడైతే నేను ఊరుకోనని గుమ్మంలోనే గొడవ పెట్టుకున్నాను. ఆయన లేచి నిలబడి, స్టూలు ముందుకు జరిపి, కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"మేడం, ఇది బొక్క కాదు, లోపటి నరం. నాతోని అయ్యేది కాదు. ఊకె గుడ్డ చుట్టి పంపిన, గంతే. పెద్ద దవాఖానకు తీస్కపోండ్రి అని వాళ్లమ్మకు సుత చెప్పిన."

నేను నమ్మలేదు. వాళ్లమ్మని అడిగితే నిజమే, అలాగే చెప్పాడన్నది. ఇద్దరూ కూడబలుక్కున్నారని అనుకున్నాను.

నర్సాపూర్ మీదుగా బస్సులో హైదరాబాద్ పోయి స్కాన్ తీయించాం. మోకాలి లోపలి లిగమెంటు సగం తెగింది. ఆపరేషన్ అక్కర్లేదు, కానీ చుట్టూ కండ పెంచుకోవాలి, అది గట్టిపడేదాకా గ్రౌండ్‌లో కాలు పెట్టొద్దన్నారు డాక్టరు. తొందరపడి ఆడి ఇంకోసారి తెగిందంటే ఆట సంగతి మర్చిపోవాలని ఆ పిల్ల మొహంలోకి చూసే చెప్పారు. చలికాలం చివర తూప్రాన్‌లో రాష్ట్ర జూనియర్ జట్టుకి సెలక్షన్లు. వయసు ప్రకారం ఈ పిల్లకి అదే ఆఖరి అవకాశం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల కిటికీ లోంచి అడవి చూస్తూ, సెలక్షన్లకి ఎన్ని వారాలుందని ఒక్కసారే అడిగింది. నేను చెప్పాను.

మా ఊళ్లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకామె ఉంది, చిన్న వయసు, చాలా ఓపిక. పడుకుని కాలు బిగించి ఎత్తడం, గోడకి వీపు ఆనించి కుర్చీ లేకుండానే కూర్చున్నట్టు నిలబడడం, ఒంటికాలి మీద కళ్లు మూసుకుని నిలబడడం, ఆ తర్వాత మెట్లు, ఆ తర్వాత గెంతులు. రోజూ పొద్దున నా కళ్లెదుటే చేయించేదాన్ని. కళ్లల్లో వత్తులేసుకుని ఆ కుడి మోకాలినే చూశాను. వాపు తగ్గింది. తొడలో కండ వచ్చింది, ఇక మెల్లగా గ్రౌండ్‌లోకి దిగొచ్చన్నారు డాక్టరు. దెబ్బ తగిలాక కుడి కాలికి వేసిన పట్టీ మాత్రం పిల్ల తీసేది కాదు.

చలి ముదిరే రోజుల్లో నాకు అనుమానం మొదలైంది. ముందు వాసన. పొద్దున్నే ప్రాక్టీసుకి వచ్చినప్పుడు పిల్ల దగ్గర ఆవనూనె వాసన వచ్చేది. ఏంటని అడిగితే తలకి రాసుకున్నానన్నది. తల చూస్తే పొడిగా ఉంది. ఆ తర్వాత ఆలస్యం. ఎప్పుడూ అందరికన్నా ముందొచ్చే పిల్ల, వారంలో రెండు మూడు రోజులు పరుగున ఆఖర్న వచ్చేది. వాళ్లమ్మ బడి దగ్గర కనిపిస్తే నన్ను చూసి పక్క సందులోకి తిరిగేది. అన్నిటికన్నా నన్ను కుదిపేసింది ఇంకొకటి. బాగైపోయిందనుకున్న కుడి మోకాలిని పిల్ల మళ్లీ చేత్తో నొక్కుకోవడం మొదలుపెట్టింది. నేను అటు చూడగానే నొక్కుకునేది, కొంచెం కుంటేది. అడిగితే "జర పట్టినట్టున్నది మేడం, నొప్పి లేదు" అనేది.

ఇంకేముంది, నాకంతా అర్థమైపోయిందనుకున్నాను. నాకు తెలియకుండా మళ్లీ ఆ పహిల్వాన్ దగ్గరికి పోతోంది, ఆయన ఆ లిగమెంటుని తోమి తోమి మళ్లీ తెంపేస్తున్నాడు. పిల్లలు అసెంబ్లీకి పోయినప్పుడు ఆమె సంచి కూడా వెతికాను. టీచర్ అయ్యుండి చేయాల్సిన పని కాదు, సిగ్గుపడుతూనే చేశాను. నొప్పి మాత్రలు దొరుకుతాయనుకున్నాను. నూనె మరకలున్న తువాలు ఒకటి దొరికింది.

ఫిజియో అమ్మాయికి చెప్పాను. ఆమె ఆ సాయంత్రమే పరీక్ష పెట్టింది. రెండు తొడలకీ టేపు పెట్టి చుట్టుకొలత చూసింది, రెండూ సమానం. ఒంటికాలి మీద గెంతించి దూరం చూసింది, కుడి కాలు ఎంత దూరం పోయిందో ఎడమ కాలూ అంతే. "చూడండి మేడం, తేడా ఏం లేదు, మీరు ఊరికే పరేషాన్ అవుతున్నరు" అని నవ్వింది. నేనూ నవ్వాను. కుడి కాలు ఎడమ కాలిని అందుకున్నదని ఇద్దరం సంబరపడ్డాం. ఎడమ కాలే కుడి కాలి దగ్గరికి దిగిపోయి ఉండొచ్చన్న ఆలోచన అంత చదువుకున్న ఆమెకీ రాలేదు, ఇంత అనుమానపు మనిషినైన నాకూ రాలేదు. పప్పులో కాలేశాం.

అయినా నా మనసు ఒప్పుకోలేదు. సెలక్షన్లు ఆదివారం అనగా, గురువారం పొద్దున్న ఇంట్లో టీ కూడా తాగకుండా ఖిల్లా కింది గల్లీకి పోయాను. పహిల్వాన్ గుమ్మం ముందు ఆ పిల్ల చెప్పులున్నాయి. నీలం రంగు పట్టీల చెప్పులు, ఒకదానికి పిన్నీసు. వెంటనే లోపలికి పోలేదు. స్కూటీ పక్క సందులో పెట్టి, పాలకోసం వచ్చినదానిలాగా నిలబడ్డాను. కాసేపటికి పిల్ల బయటికొచ్చి చెప్పులు వేసుకుని, చర్చి రోడ్డు వైపు పరిగెత్తకుండా మెల్లగా నడిచింది. నా కళ్లు మళ్లీ ఆ కుడి కాలి మీదే ఉన్నాయి. సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి పోయాను.

ముసలాయన చేతులు కడుక్కుంటున్నాడు. ఈసారి నేను అరవలేదు. అరిచే కోపం కాదది. డాక్టర్లు ఎన్నో నెలలు కష్టపడి నిలబెట్టిన మోకాలిని ఎందుకు చెడగొడుతున్నావు చాచా, ఆ పిల్ల బతుకు ఆ మోకాలి మీద ఉందని తెలియదా అని అడిగాను. ఆయన తువాలుతో చేతులు తుడుచుకుంటూ నావైపు తెల్లబోయి చూశాడు.

"ఏ మోకాలు మేడం? కుడి దాన్ని నేను ముట్టనే లేదు. బేటీ ఎడమ దానికి వస్తున్నది."

ఆయన స్టూలు జరిపాడు. ఈసారి కూర్చున్నాను. మూడు వారాల నుంచి వస్తోందట. కుడి కాలిని కాపాడుకుంటూ బరువంతా ఎడమ మీద వేసి గెంతీ గెంతీ, నేను వెళ్లిపోయాక ఒంటరిగా ఇంకా గెంతి, ఎడమ మోకాలు పాడుచేసుకుంది. వంచితే మధ్యలో ఇరుక్కుపోతోందట. ఆయన గట్టిగా తోమలేదు, నూనె రాసి వేడి కాపడం పెట్టాడు. రెండుసార్లు తన ముందే మోకాలు పట్టేస్తే, స్కాన్ తీయించుకొమ్మని చెప్పాడు. మరి నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, ఆయన మొహం చిన్నబోయింది.

"మీరే పంపిన్రని చెప్పింది మేడం. మేడం నన్ను గిప్పటికన్న నమ్మిందని నేను మస్తు సంబరపడ్డ."

ఆ మాటకి నేను తలెత్తలేకపోయాను. అన్నాళ్లూ ఆయన్ని అనుమానించిన దానికి క్షమించమని అడగాల్సింది. అడగలేదు. వస్తానని చెప్పి బయటపడ్డాను.

గ్రౌండ్‌లో పిల్లలు సున్నంతో గీతలు వేస్తున్నారు. ఈ పిల్లని పక్కకి పిలిచి, కింద గొంతుక్కూర్చోమన్నాను. ఆమె చెయ్యి వెంటనే కుడి మోకాలి పట్టీ మీదకి పోయింది. అది కాదు, ఎడమది చూడాలి అన్నాను. ఆమె మొహంలో రంగు మారిపోయింది. వంగబోయి సగంలో ఆగిపోయింది, నా భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. మెత్తగా ఉన్న ఆ మోకాలి సందులో వేలు పెడితే పెదవి కొరుక్కుంది గాని కుయ్యిమనలేదు. ఇన్ని రోజులూ నా ముందు కుడి మోకాలు నొక్కుకున్నదీ, కుంటినదీ నన్ను అటే చూసేలా చేయడానికి. ఎందుకిలా చేశావని అడిగాను.

"మీరే నేర్పిన్రు కద మేడం. నొప్పున్న కాలికి పట్టీ కట్టొద్దని."

నాకు కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. అవతలి జట్టుని మోసం చేయమన్నాను గాని నన్ను కాదని అన్నాను. ఆమె నా కాళ్లవైపు చూసింది.

"మీది నొప్పుండేది ఎడమకు. మెట్లు దిగేటప్పుడు నేను రోజు చూస్త. మీరు గిప్పుడు సుత కుడికే కట్టుకుంటరు. మీ సార్ మిమ్మల్ని ఆడనిచ్చిండు, గా ఆట మీదనే మీకు నౌకరి వచ్చింది. నన్నెందుకు ఆపుతరు?"

నేను నేర్పిన పిల్ల నన్నే చదివేసింది. ఆడినందుకే నాకు ఉద్యోగం వచ్చిన మాట నిజం. ఆడినందుకే ఈ మోకాలితో పొద్దున్నే మంచం దిగడానికి గోడ పట్టుకుంటున్న మాటా నిజం. ఆ పిల్ల దగ్గర రెండోది దాచి మొదటిదే చూపించాను. సార్‌కి తెలిసీ ఆడించారని ఇన్నేళ్లు తిట్టుకున్నదాన్ని. ఇప్పుడు నాకూ తెలుసు. సంచిలోంచి తూప్రాన్‌కి పంపే జాబితా తీసి, ఆమె చూస్తుండగానే ఆమె పేరు మీద గీత కొట్టాను. ఆమె ఏడవలేదు. పట్టీ విప్పి నా పాదాల దగ్గర పడేసి వెళ్లిపోయింది.

ఆదివారం మిగతా పిల్లల్ని తీసుకుని తూప్రాన్ పోయాను. ఈ పిల్లకన్నా తక్కువ ఆట తెలిసిన పిల్లలు ముగ్గురు నలుగురు ఎంపికయ్యారు. వాళ్ల మోకాళ్లు చూస్తూ కూర్చున్నాను. ఎవరి పట్టీ ఏ కాలికి ఉందో కనిపిస్తోంది గాని, అది నిజమో అబద్ధమో నాకు తెలిసే మార్గం లేదు. మొదటిసారి ఆ సంగతికి నాకు భయం వేసింది.

పిల్ల ఎడమ మోకాలి స్కాన్‌లో లోపలి మెత్తని పొర చీలిందని తేలింది. ఇంకో ఆట ఆడి ఉంటే ఆ ముక్క పూర్తిగా విడిపోయేదని, ఇప్పుడైతే ఆపరేషన్ లేకుండా ప్రయత్నించొచ్చని డాక్టరు చెప్పారు. మళ్లీ మొదటి నుంచీ అన్నీ. కాలు బిగించడం, ఎత్తడం, గోడకి కూర్చోవడం. ఫిజియో దగ్గరికి నేనే స్కూటీ మీద తీసుకుపోయేదాన్ని. పిల్ల వెనక కూర్చునేది గాని నా భుజం పట్టుకునేది కాదు, సీటు వెనక ఇనుప కమ్మీ పట్టుకునేది. అడిగినదానికి తలూపేది. నెల రోజులు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చేసింది సరైనదేనని నాకు నేను ఎంత చెప్పుకున్నా ఆ నెల నాకు అన్నం సహించలేదు.

ఫిజియో అమ్మాయి ఇప్పుడు ఒక కాలిని ఇంకో కాలితో పోల్చడం మానేసింది. పోయిన వారం ఎంత, ఈ వారం ఎంత అని ఏ కాలికి ఆ కాలే రాసుకుంటోంది. ఒక సాయంత్రం పిల్ల బల్ల మీద పడుకుని కాలు ఎత్తుతోంది. నేను పక్కన కుర్చీలోంచి లేచి ఫ్యాన్ వేయబోయాను. లేచేటప్పుడు నా చెయ్యి గోడ మీద పడింది. ఫిజియో అమ్మాయి అది చూసి, మేడం, మీకు కూడా మోకాలు నొప్పి ఉందా అని అడిగింది.

"నాకేం లేదు, నొప్పి లేదు" అన్నాను. ఇరవై ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే అనేసింది.

పక్క బల్ల మీద కాలు గాల్లోనే ఆగిపోయింది. నెల తర్వాత ఆ పిల్ల గొంతు విన్నాను. నాతో కాదు, ఆమెతో అన్నది.

"మా మేడం అబద్ధం చెప్తున్నరు. పట్టీ చూడకుండ్రి. ఎడమది చూడుండ్రి."

ఫిజియో అమ్మాయి నావైపు తిరిగింది. పిల్ల కూడా తల తిప్పి, రెప్ప వేయకుండా, నేను ఆమెని ఇన్నాళ్లూ చూసినట్టే నన్ను చూస్తోంది. నేను రెండో బల్ల ఎక్కి కుడి కాలి పట్టీ తీసేశాను. ఎడమ కాలు చాపి, ఇక్కడ నొప్పిగా ఉంది, చాలా ఏళ్ల నుంచీ ఉంది అని చెప్పాను.